మందు సర్కారుది, నమ్మకం మనుషులది

హెచ్‌ఐవీ అంత తేలిగ్గా అంటుకునే వైరస్ కాదు. తట్టులా, కోవిడ్‌లా గాలిలో తేలుతూ వచ్చి పక్కవాళ్లను పట్టుకోలేదు. చేతులు కలిపినా, ఒకే కంచంలో తిన్నా, దోమ కుట్టినా సోకదు. చికిత్స తీసుకోని పురుషుడితో స్త్రీ కండోమ్ లేకుండా కలిసినప్పుడు ఆమెకు వైరస్ సోకే అవకాశం సగటున పదివేలకు 8. మత్తుమందు కోసం ఒకరు వాడిన సూదినే మరొకరు వాడితే పదివేలకు 63. మలద్వార సంభోగంలో స్వీకరించే వ్యక్తికి పదివేలకు 138.

విడివిడిగా చూస్తే చిన్న అంకెలే. అయినా ఈ వైరస్ ప్రపంచవ్యాప్తంగా 4 కోట్ల మందికి పైగా ప్రాణాలు తీసింది. 2023 అంచనాల ప్రకారం మన దేశంలో 25.44 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో దేశ సగటు 0.20 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం, తెలంగాణలో 0.44 శాతం. కాబట్టి తెలుగువాళ్లకు ఇది ఎక్కడో జరుగుతున్న కథ కాదు.

అదే సమయంలో ఇంకో లెక్క కూడా చూడాలి. 2010తో పోలిస్తే 2023 నాటికి మన దేశంలో ఏటా కొత్తగా వైరస్ సోకేవారి సంఖ్య 44 శాతం తగ్గింది. ఎయిడ్స్ సంబంధిత మరణాలు 79 శాతం తగ్గాయి. టీకా లేదు. వైరస్‌ను శరీరం నుంచి పూర్తిగా తుడిచేసే మందూ లేదు. మరి ఈ తగ్గుదల ఎలా సాధ్యమైంది? మందులు, పరీక్షలు, డబ్బు, చట్టం ప్రభుత్వం సమకూర్చింది. వాటిని అందుకోవాల్సిన మనుషుల దాకా చేర్చింది స్వచ్ఛంద సంస్థలు, బాధితుల సంఘాలు. ఈ రెండు పక్షాలూ కలిసి పనిచేసిన చోట వైరస్ వెనక్కి తగ్గింది. ఆ పొత్తు సడలిన చోట మళ్లీ తల ఎత్తుతుంది. ఇందుకు కారణం వైరస్ వ్యాపించే తీరులోనే ఉంది.

మూడు అంకెల గుణకారం

రాయ్ ఆండర్సన్, రాబర్ట్ మే అనే శాస్త్రవేత్తలు 1980ల్లో ఎయిడ్స్ వ్యాప్తిని ఒక సులువైన గుణకారంగా చూపించారు. వైరస్ ఉన్న ఒక వ్యక్తి నుంచి సగటున ఎంతమందికి అది చేరుతుంది? అది మూడు అంకెల లబ్ధం. ఒక భాగస్వామికి వైరస్ సోకే అవకాశం ఎంత అనేది మొదటిది. ఎంత తరచుగా కొత్త భాగస్వాములు వస్తారన్నది రెండోది. ఎంతకాలం ఇతరులకు అంటించగల స్థితిలో ఉంటారన్నది మూడోది. ఈ మూడింటినీ గుణిస్తే వచ్చేది ఒకటి కంటే ఎక్కువైతే వ్యాధి పెరుగుతుంది. ఒకటి కంటే తక్కువైతే క్రమంగా తగ్గిపోతుంది. ఇది గుణకారం గనుక ఏ ఒక్క అంకెను సగానికి తగ్గించినా మొత్తం సగానికి పడిపోతుంది. మూడింటినీ సగం చేయగలిగితే మిగిలేది ఎనిమిదో వంతే.

హెచ్‌ఐవీ విషయంలో మొదటి అంకె చిన్నది. మూడోది మాత్రం చాలా పెద్దది. శరీరంలో చేరిన వైరస్ రోగనిరోధక వ్యవస్థకు కీలకమైన సీడీ4 కణాల్లోకి దూరుతుంది. తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుని మన కణంలోని డీఎన్‌ఏలోనే అతుక్కుపోతుంది. మొదటి కొన్ని వారాల్లో రక్తంలో దాని సంఖ్య విపరీతంగా పెరుగుతుంది. అంటించే శక్తి ఎక్కువగా ఉండే రోజులవే. ఆ రోగికి మాత్రం మామూలు జ్వరం వచ్చి తగ్గినట్టే ఉంటుంది. తర్వాత చికిత్స లేకపోయినా ఎనిమిది, పదేళ్ల దాకా మనిషి చూడటానికి ఆరోగ్యంగానే ఉంటాడు. తనకు తెలియకుండానే అన్నేళ్లూ ఇతరులకు అంటించగలడు.

ఇక రెండో అంకె. ఇక్కడ సగటు చూస్తే మోసపోతాం. దేశంలో చాలామందికి భాగస్వాములు ఒకరో ఇద్దరో. కొద్దిమందికి వృత్తి వల్లో, వలస బతుకు వల్లో, సమాజం తమను బతకనిచ్చే తీరు వల్లో చాలామందితో సంబంధం ఏర్పడుతుంది. ఆ కొద్దిమంది చుట్టూ అల్లుకున్న సంబంధాల వల గుండా వైరస్ ప్రయాణిస్తుంది. సెక్స్ వర్కర్‌కు దాన్ని తెచ్చిచ్చేది కస్టమరే. ఆ కస్టమరే దాన్ని ఇంటికి తీసుకెళ్లి, భర్త తప్ప వేరే మనిషి ఎరగని ఇల్లాలికి అంటిస్తాడు. మనదేశంలో ఎందరో మహిళలకు వైరస్ సోకింది ఇలాగే.

కాబట్టి లెక్క ప్రకారం, సెక్స్ వర్కర్లను, పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషులను, హిజ్రాలను, సూదితో మత్తుమందు తీసుకునేవారిని ముందుగా కాపాడుకుంటే మొత్తం సమాజాన్ని కాపాడుకున్నట్టే. చిక్కల్లా ఒకటే. ఖాకీ బట్టలు కనిపిస్తే సందు మళ్లేది వీళ్లే. ఆసుపత్రి చీటీ మీద పేరు రాయించుకోవడానికి వెనకాడేదీ వీళ్లే. ప్రభుత్వం తనంతట తాను చేరుకోలేని చోటే వైరస్‌కు దారి దొరుకుతుంది.

భయంతో మొదలైన రోజులు

మనదేశంలో హెచ్‌ఐవీని మొదట గుర్తించింది 1986లో, చెన్నైలో. మద్రాస్ మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చదువుతున్న సెల్లప్పన్ నిర్మల తన పరిశోధన కోసం, అధికారులు సెక్స్ వర్కర్లను ఉంచిన హోమ్‌కు వెళ్లి రక్త నమూనాలు సేకరించారు. ఆమెకు మార్గదర్శి డాక్టర్ సునీతి సోలమన్. నమూనాలను భద్రపరిచే సరైన వసతి లేక నిర్మల వాటిని తన ఇంట్లో ఫ్రిజ్‌లోనే పెట్టుకున్నారు. ఆ తర్వాత వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి తీసుకెళ్లి పరీక్షిస్తే ఆరు నమూనాలు పాజిటివ్‌గా తేలాయి. ఎయిడ్స్ విదేశీ రోగమని, మనకు రాదని అప్పటిదాకా చాలామంది నమ్మారు. ఆ నమ్మకం ఆ రోజుతో చెదిరిపోయింది.

ప్రభుత్వ వ్యవస్థ మొదట స్పందించింది భయంతో. 1989లో గోవాలో రక్తదానం చేసిన డొమినిక్ డిసౌజా అనే యువకుడికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. పోలీసులు ఆయన్ను తీసుకెళ్లి ఒక పాత క్షయ శానటోరియంలో 64 రోజులు ఒంటరిగా ఉంచారు. గోవా ప్రజారోగ్య చట్టం అందుకు వీలిచ్చింది. ఆయన తల్లి, మిత్రులు, న్యాయవాదులు కోర్టుకెక్కి పోరాడారు. ఆయన 1992లో మరణించారు. ఆ ఏడాదే గోవాలో ఆయన ప్రారంభించిన పాజిటివ్ పీపుల్ సంస్థ బాధితులకు అండగా నిలిచింది.

వైద్య దృష్టితో చూస్తే ఆ నిర్బంధానికి ఏ ప్రయోజనమూ లేదు. గాలిలో వ్యాపించని వైరస్‌కు ఒంటరి గది ఎందుకు? పైగా నష్టం పెద్దది. పరీక్ష చేయించుకుంటే పట్టుకుపోతారని తెలిశాక ఎవరు ముందుకొస్తారు? పరీక్షకు రానివాళ్లకు తమ సంగతి తెలియదు. తెలియని ప్రతి ఏడాదీ గుణకారంలోని మూడో అంకెను పెంచుతూనే ఉంటుంది.

సోనాగాఛీ చూపిన దారి

1992లో కోల్‌కతాలోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ తరఫున డాక్టర్ స్మరజిత్ జానా సోనాగాఛీలో అడుగుపెట్టారు. అది దేశంలోని పెద్ద రెడ్‌లైట్ ప్రాంతాల్లో ఒకటి. అప్పట్లో అక్కడ కండోమ్ వాడకం దాదాపు 3 శాతం. కండోమ్ ప్రాణం కాపాడుతుందని చెబితే సరిపోదని ఆయనకు త్వరలోనే అర్థమైంది. కస్టమర్ వద్దంటే ఆ రోజు కూలి పోతుంది. ఇంట్లో పొయ్యి వెలగదు. అప్పిచ్చినవాడు గుమ్మంలో కూర్చుంటాడు. పదేళ్ల తర్వాత వచ్చే జబ్బు కంటే ఈ రాత్రి ఆకలే పెద్దది.

అందుకే ఆయన సెక్స్ వర్కర్లకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా నియమించారు. 1995లో వాళ్లే దర్బార్ మహిళా సమన్వయ కమిటీగా ఏర్పడ్డారు. వడ్డీ వ్యాపారుల బారి నుంచి బయటపడటానికి ఉషా అనే సహకార సంఘం పెట్టుకోబోతే చట్టం అడ్డొచ్చింది. సభ్యులకు మంచి నడవడిక ఉండాలన్నది నిబంధన. వృత్తిని దాచి వేరే పేరుతో నమోదు చేసుకోవడానికి వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి రాష్ట్ర ప్రభుత్వమే మెట్టు దిగి, సెక్స్ వర్కర్ల సహకార సంఘంగానే నమోదు చేసింది. చేతిలో నాలుగు రూపాయలు, వెనక సంఘం ఉన్న మనిషికి కండోమ్ లేనిదే కుదరదని కస్టమర్‌తో చెప్పే ధైర్యం వస్తుంది. అంతా ఒకే మాట మీద ఉంటే కస్టమర్‌కు వేరే గుమ్మం దొరకదు. దశాబ్దం తిరగకముందే అక్కడ కండోమ్ వాడకం 80 శాతం దాటింది.

జానా 2021లో కోవిడ్‌తో మరణించారు. ఆయన చూపిన దారి మాత్రం దేశమంతటా అమలైన విధానంగా మారింది.

ప్రభుత్వం ఎంచుకున్న రూపం

1992లోనే కేంద్రం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థను, అంటే నాకోను, ఏర్పాటు చేసింది. మామూలు ప్రభుత్వ శాఖలో ఒక ఫైలు బల్లలన్నీ దాటేసరికి నెలలు గడుస్తాయి. స్వచ్ఛంద సంస్థలకు నిధులివ్వడం, కొత్త పోస్టులకు మనుషుల్ని తీసుకోవడం ఆ పద్ధతిలో కుదరదు. అందుకే 1994లో తమిళనాడు తన ఎయిడ్స్ విభాగాన్ని సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేసిన సంస్థగా మార్చింది. అధికారం ప్రభుత్వానిదే, నిర్వహణలో మాత్రం వెసులుబాటు ఉంటుంది. తర్వాత మిగతా రాష్ట్రాలూ ఇదే బాట పట్టాయి. ఈ రోజు మనం చూస్తున్న రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీలు అలా వచ్చినవే.

ఈ సొసైటీలు స్వచ్ఛంద సంస్థలతో, బాధిత వర్గాల సంఘాలతో ఒప్పందం కుదుర్చుకుంటాయి. ఏ ప్రాంతంలో ఎంతమందికి ఏ సేవలు అందించాలో ఆ ఒప్పందంలో ఉంటుంది. వీటినే టార్గెటెడ్ ఇంటర్వెన్షన్ ప్రాజెక్టులు అంటారు. పనిచేసేవాళ్లు టీఐ అని పిలుస్తారు. డబ్బు, కండోమ్‌లు, పరీక్ష కిట్లు, మందులు ప్రభుత్వానివి. వీధిలో తిరిగే మనుషులు సంస్థవాళ్లు. దేశంలో ఇలాంటి ప్రాజెక్టులు సుమారు 1,500 ఉన్నాయి.

వీటిలో అసలు పని చేసేది పీర్ ఎడ్యుకేటర్. ఆమె కూడా అదే వృత్తిలో, అదే వీధిలో బతుకుతున్న మనిషి. నిబంధన ప్రకారం ఒక్కొక్కరికి 60 మంది చొప్పున అప్పగిస్తారు. ఆమె చేతిలోని కాగితం చూస్తే సైన్సు నేలమీద ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. ముందు తన ప్రాంతం పటం తానే గీస్తుంది. బస్టాండు వెనక సందు, లాడ్జి, టీ కొట్టు, రైల్వే గేటు. ఏ చోట ఎంతమంది, ఏ వేళకు వస్తారో గుర్తులు పెడుతుంది. తర్వాత ఒక్కో మనిషికి ఒక్కో వరుస. వారానికి ఎంతమంది కస్టమర్లు వస్తారు, దాన్నిబట్టి ఎన్ని కండోమ్‌లు కావాలి, కిందటిసారి ఎన్ని ఇచ్చారు, ఎన్ని తక్కువ పడ్డాయి, సుఖవ్యాధుల పరీక్షకు క్లినిక్‌కు వచ్చి మూడు నెలలు దాటిందా, హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయించుకుని ఆరు నెలలైందా అన్నవి గడులు. చదువు రానివారి కోసం అక్షరాలకు బదులు బొమ్మలు, రంగులు వాడతారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన అమ్మాయి ఎవరో, తాగుడుకు అలవాటుపడ్డది ఎవరో, ఇంట్లో దెబ్బలు తింటున్నది ఎవరో ఆమెకు తెలుసు. ఆ వారం ఎవరి గుమ్మం ముందు తొక్కాలో దాన్నిబట్టి నిర్ణయించుకుంటుంది.

గుణకారంతో పోల్చి చూడండి. కండోమ్ మొదటి అంకెను తగ్గిస్తుంది. సుఖవ్యాధుల చికిత్స కూడా అంతే. మర్మావయవాల మీద పుండ్లు ఉంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి, ఆ పుండ్లు మానితే వైరస్‌కు ఒక దారి మూసుకుపోతుంది. ఆరు నెలలకోసారి పరీక్ష మూడో అంకెను తగ్గిస్తుంది. ఎంబీబీఎస్ డాక్టరో, కలెక్టరో స్వయంగా వచ్చినా ఆ 60 వరుసలు నింపలేరు. ప్రభుత్వం ఇచ్చే కిట్లు, మందులు లేకపోతే ఆమె కూడా ఆ కాగితంతో ఏమీ చేయలేదు.

తెలుగు నేల మీద

2005–06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీ 0.97 శాతంగా తేలింది. సర్వేలో విడిగా లెక్కలు వేసిన రాష్ట్రాల్లో మణిపూర్ తర్వాతి స్థానం మనదే. అంతకు ముందే, 2003లో, బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ ఆవాహన్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అందులోని ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోస్తాలో హిందుస్తాన్ లేటెక్స్ ఫ్యామిలీ ప్లానింగ్ ప్రమోషన్ ట్రస్ట్, తెలంగాణ, రాయలసీమల్లో ఇండియా హెచ్‌ఐవీ/ఎయిడ్స్ అలయన్స్ ఈ పనిని చూశాయి. విజయవాడలోని వాసవ్య మహిళా మండలి వంటి స్థానిక సంస్థలు బాధితుల ఇళ్లకు వెళ్లి సేవలందించాయి, పిల్లల బాగోగులు పట్టించుకున్నాయి.

ఆవాహన్ ఫలితాలపై 2011లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 2003 నుంచి 2008 దాకా ఆరు రాష్ట్రాల్లో సుమారు లక్ష మందికి వైరస్ సోకకుండా ఆగిందని అందులో అంచనా వేశారు. అసలు సంఖ్య దాదాపు ఇరవై ఆరు వేల నుంచి రెండు లక్షల దాకా ఎక్కడైనా ఉండవచ్చని అదే అధ్యయనం చెప్పింది. అయితే నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన సంగతి తర్వాత జరిగింది. విదేశీ నిధులతో నడిచే కార్యక్రమాలు చాలావరకు నిధులు ఆగగానే మూతబడతాయి. ఆవాహన్ ప్రాజెక్టులను మాత్రం 2009 నుంచి మూడు విడతలుగా రాష్ట్ర ఎయిడ్స్ సొసైటీలకు అప్పగించారు. జీతాల పట్టికలు, రికార్డులు, సిబ్బంది నియమాలు ముందే ప్రభుత్వ పద్ధతికి సరిపోయేలా మార్చుకున్నారు. చేతులు మారినా వీధిలో పని ఆగలేదు.

ఎంతమందికి వైరస్ ఉందో సరిగా లెక్కించడంలోనూ ఒక తెలుగు జిల్లా తోడ్పడింది. అంతకు ముందు అంచనాలన్నీ గర్భిణులు, సుఖవ్యాధుల క్లినిక్‌లకు వచ్చేవారి రక్త పరీక్షల మీదే ఆధారపడేవి. 2004–05లో పరిశోధకుడు లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లాలో ఊళ్ల వెంట తిరిగి 12 వేల మందికి పైగా పెద్దల రక్త నమూనాలు తీసుకుంది. అప్పటి అధికారిక పద్ధతి చెప్పే సంఖ్యలో సగం కంటే తక్కువ మందికే వైరస్ ఉన్నట్టు తేలింది. ప్రైవేటు డాక్టర్లు హెచ్‌ఐవీ అనుమానం ఉన్నవాళ్లను ప్రభుత్వ ఆసుపత్రులకు పంపేయడంతో అక్కడి లెక్కలు ఉబ్బిపోయాయి. తర్వాత జాతీయ సర్వే కూడా కలవడంతో, 57 లక్షలుగా ఉన్న దేశం అంచనా 2007లో 25 లక్షలకు దిగింది. సూదికి వేలు చాచిన మామూలు జనం సహకరించకపోతే ఆ సవరణ సాధ్యమయ్యేది కాదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వైరస్‌తో జీవిస్తున్నవారి శాతం నెమ్మదిగానే తగ్గుతుంది. మందులు వాడి మనుషులు బతుకుతున్నందువల్ల అలా జరుగుతోంది. అది సంతోషించాల్సిన విషయం. కార్యక్రమం పనిచేస్తోందా లేదా అన్నది చూడాలంటే ఏటా కొత్తగా సోకేవారెందరో చూడాలి.

మాత్ర వెనక పోరాటం

1996లో మూడు మందులను కలిపి వాడే చికిత్స వచ్చాక ఎయిడ్స్ మరణశిక్ష కాకుండా పోయింది, కొనగలిగినవాళ్లకు. ఏడాదికి పది నుంచి పదిహేను వేల డాలర్ల ఖర్చు. 2001లో మందుల కంపెనీ సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ అదే చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ప్రకటించారు. ఆ తర్వాత హైదరాబాద్‌కు చెందిన హెటిరో, అరబిందో వంటి కంపెనీలు ఆఫ్రికా దేశాలకు సైతం ఈ మందులు పంపే స్థాయికి ఎదిగాయి. 2017లో అరబిందో, మైలాన్ కంపెనీలతో కుదిరిన ఒప్పందం వల్ల, రోజుకొక్కటి వేసుకునే టీఎల్‌డీ మాత్ర పేద దేశాలకు ఏడాదికి సుమారు 75 డాలర్లకే దొరికింది. అందులోని టెనోఫోవిర్, లామివుడిన్ వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకోకుండా ఆపుతాయి. డోలుటెగ్రావిర్ ఆ డీఎన్‌ఏ మన కణంలో అతుక్కోకుండా అడ్డుపడుతుంది.

మందు చవకయింది కంపెనీల వల్లే అనుకుంటే సగం కథే తెలిసినట్టు. మన పేటెంటు చట్టంలో, పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పే వీలుంది. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఘాలు ఆ హక్కును వాడుకున్నాయి. రోజూ మాత్ర మింగేవాళ్లే రసాయన సూత్రాల పత్రాలు ముందేసుకుని న్యాయవాదులతో కూర్చున్నారు. టెనోఫోవిర్ పేటెంటు దరఖాస్తును 2009లో మన పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఎనిమిది ఆసుపత్రుల్లో ఉచిత యాంటీ రెట్రోవైరల్ చికిత్సను, అంటే ఏఆర్‌టీని, మొదలుపెట్టింది. ఈ రోజు 700కు పైగా కేంద్రాల్లో 17 లక్షల మందికి పైగా ఈ మందు తీసుకుంటున్నారు. బయట జరిగిన పోరాటం వల్లే ఆ భారం ప్రభుత్వం మోయగలిగిన స్థాయికి దిగింది.

2011లో మరో కీలకమైన సంగతి రుజువైంది. దంపతుల్లో ఒకరికి వైరస్ ఉండి మరొకరికి లేని 1,763 జంటలపై తొమ్మిది దేశాల్లో ఒక అధ్యయనం జరిగింది. చెన్నై, పుణె జంటలు కూడా అందులో ఉన్నాయి. వైరస్ ఉన్నవారికి ముందుగానే మందు మొదలుపెడితే భాగస్వామికి సోకే అవకాశం 96 శాతం తగ్గిందని తేలింది. తర్వాతి అధ్యయనాలు ఇంకా స్పష్టంగా చెప్పాయి. మందు క్రమం తప్పకుండా వేసుకుంటూ రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరినవారి నుంచి లైంగికంగా అది ఎవరికీ సోకదు. చికిత్సే నివారణ అయింది. గర్భిణికి సమయానికి మందు అందితే బిడ్డకు సోకే అవకాశం కూడా 5 శాతం లోపుకు దిగుతుంది. మందు లేకపోతే అది 15 నుంచి 45 శాతం. అందుకే 2017లో మన ప్రభుత్వం సీడీ4 లెక్కతో పనిలేకుండా పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ చికిత్స మొదలుపెట్టాలని నిర్ణయించింది.

చట్టం ఇచ్చిన భరోసా

డొమినిక్‌ను బంధించిన దేశమే 2017లో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం చేసింది. అది 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. దాని ముసాయిదాను తయారుచేసింది లాయర్స్ కలెక్టివ్ అనే న్యాయవాదుల సంస్థ, బాధిత వర్గాలను సంప్రదించి. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు. ఆ మనిషి అనుమతి లేనిదే సంగతి బయటపెట్టకూడదు. ఉద్యోగం, బడి, అద్దె ఇల్లు, వైద్యం దగ్గర వివక్ష చూపకూడదు. ప్రతి రాష్ట్రంలో ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌మన్ ఉండాలి. కండోమ్‌లు, శుభ్రమైన సూదులు పంచడం వంటి నివారణ పనులు నేరం కావని కూడా ఈ చట్టం చెప్పింది. సంచిలో కండోమ్‌లు దొరికితే అదే సాక్ష్యమని పోలీసులు పట్టుకున్న రోజులు చూసిన పీర్ ఎడ్యుకేటర్లకు ఈ ఒక్క మాట ఎంత బలమో!

కోర్టులు కూడా ఈ భాగస్వామ్యాన్ని గుర్తించాయి. చిరునామా రుజువు లేని సెక్స్ వర్కర్లకు నాకో అధికారి గానీ, రాష్ట్ర ఎయిడ్స్ సొసైటీ ప్రాజెక్టు డైరెక్టర్ గానీ ఇచ్చే ధ్రువీకరణతో ఆధార్ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించింది. ఎయిడ్స్ విభాగం సంతకం రేషన్‌కు, గుర్తింపుకు దారి తీసింది. తెలుగు రాష్ట్రాల్లో ఏఆర్‌టీ వాడేవారికి సామాజిక పింఛన్లు అందుతున్నాయి. పింఛను డబ్బుల్లోంచి బస్సు చార్జీ వస్తేనే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లగలిగే మనిషికి అది మందులో భాగమే.

ఇంకా దాటని గట్టు

2023–24 నాటికి దేశంలో హెచ్‌ఐవీతో ఉన్నవారిలో 81 శాతం మందికి తమ సంగతి తెలుసు. తెలిసినవారిలో 88 శాతం మందు తీసుకుంటున్నారు. తీసుకుంటున్నవారిలో 97 శాతం మందికి వైరస్ అదుపులో ఉంది. మూడింటికీ 95 చొప్పున చేరాలన్నది లక్ష్యం. ఈ అంకెల వరుసను శ్రద్ధగా చూడండి. మందు చక్కగా పనిచేస్తోంది. అది మనిషికి చేరే దారిలోనే వెనకబడ్డాం. ప్రతి ఐదుగురిలో ఒకరికి తమకు వైరస్ ఉందని తెలియదు. పరీక్ష దాకా రాని ఆ మనిషిని వెతకగలిగేది కమ్యూనిటీ కార్యకర్త. మధ్యలో మందు మానేసినవాళ్లను ఇంటికెళ్లి నచ్చజెప్పి తీసుకొచ్చేదీ ఆ కార్యకర్తే. 2020 లాక్‌డౌన్‌లో బస్సులు ఆగిపోయినప్పుడు ప్రభుత్వం మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వడానికి ఒప్పుకుంది. కార్యకర్తలు, బాధితుల సంఘాల సభ్యులు ఆ మందులను ఇళ్లకు చేర్చారు. నిర్ణయం ఒకరిది, నడక ఇంకొకరిది.

వైరస్ దారులు కూడా మారుతున్నాయి. ఒకప్పుడు పీర్ ఎడ్యుకేటర్ పటంలో గుర్తుపెట్టిన సందులు ఇప్పుడు ఖాళీ. పరిచయాలు, బేరాలు ఫోన్లలోకి, యాప్‌లలోకి వెళ్లిపోయాయి. అక్కడ పటం గీయగలిగేది ఆ ఫోన్లు వాడే యువతే. వాళ్లను ఈ పనిలోకి తీసుకోవాలి. మిజోరంలో 2.73 శాతంగా ఉన్న హెచ్‌ఐవీ, సూదుల సమస్యను పోలీసు లాఠీతో పరిష్కరించలేమని మళ్లీ గుర్తుచేస్తోంది.

జాతీయ కార్యక్రమం అయిదో దశకు 2021 నుంచి 2026 దాకా దాదాపు 15,472 కోట్ల రూపాయలు కేంద్రం పూర్తిగా తన నిధుల నుంచే కేటాయించింది. విదేశీ దాతలు వెనక్కి తగ్గుతున్న కాలంలో ఇది పెద్ద ఆస్తి. కానీ డబ్బు కేటాయించినంత మాత్రాన సరిపోదు, వేళకు అందాలి. ఏడాది ఒప్పందం పొడిగింపు కోసం సంస్థ ఎదురుచూస్తూ కూర్చుంటే పీర్ ఎడ్యుకేటర్ గౌరవవేతనం ఆగుతుంది. ఆమె వేరే పని వెతుక్కుంటుంది. ఆమెతో పాటు 60 మంది నమ్మకమూ పోతుంది. దాన్ని మళ్లీ సంపాదించడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో వైరస్ తన పని తాను చేసుకుపోతుంది.

అందుకే నాలుగు పనులు జరగాలి. టీఐ ప్రాజెక్టుల నిధులు నెల తప్పకుండా విడుదల కావాలి. పీర్ ఎడ్యుకేటర్ల గౌరవవేతనం బతకడానికి సరిపోయేంత ఉండాలి. జిల్లా, రాష్ట్ర స్థాయిలో నిర్ణయాలు తీసుకునే బల్ల దగ్గర బాధిత వర్గాలకు ఓటున్న కుర్చీ ఉండాలి. సమాచారం డిజిటల్ అవుతున్న కొద్దీ పేర్లు, ఫోన్ నంబర్లు బయటికి పొక్కకుండా కట్టుదిట్టాలు ఉండాలి, ఎందుకంటే ఒక్క జాబితా బయటపడినా పరీక్షకు వచ్చే వరుస ఖాళీ అయిపోతుంది. సంస్థలు కూడా లెక్క చూపాలి. సోషల్ ఆడిట్‌లో తాము సేవలందించే మనుషుల ముందే ఖర్చు, పని వివరించాలి.

2030 నాటికి ఎయిడ్స్‌ను ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేస్తామని మనదేశం ప్రపంచానికి మాటిచ్చింది. అందుకు కావాల్సిన మాత్ర హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే తయారవుతోంది. అందుకు కావాల్సిన చట్టం అమల్లో ఉంది. ఆ మాత్ర ఎవరికి చేరాలో తెలిసిన మనుషులు ప్రతి జిల్లాలో ఉన్నారు. ప్రభుత్వం వాళ్లను కాంట్రాక్టు మీద వచ్చిన చవక కూలీలుగా చూసినంతకాలం ఆ 81 శాతం 95 కాదు. తనతో సమానంగా బాధ్యత మోసే భాగస్వాములుగా చూసి, ఆ మేరకు జీతం, మాట, గౌరవం ఇచ్చిన రోజు అది తప్పక సాధ్యమవుతుంది.